పొద్దుటి గ్రీజు

10-6-74, సోమవారం

ఈ డైరీ 1972ది. గవర్నర్‌పేటలో బేరింగుల షాపువాడు ఉచితంగా ఇచ్చాడు. రెండేళ్లుగా బీరువాలో ఊరికే పడి ఉంది. అచ్చయిన తారీఖులు కొట్టేసి పైన కొత్తవి రాసుకుంటున్నాను. నాకు డైరీ అలవాటు లేదు. ఇవాళ్టి మాట ఎవరితోనూ చెప్పుకోలేను కాబట్టి రాస్తున్నాను. తెరేసమ్మతో చెబితే ఆదివారం పూజకి ముందే కొండపల్లి చర్చి విచారణలో వాళ్లంతా నా కోసం జపమాల చెబుతారు. భార్యగా ఆవిడలో ఇంకో లోపం లేదు.

బసవపున్నయ్య గారు పొద్దున ఆఫీసుకి పిలిపించారు. కూర్చోమనలేదు. మొన్న కాలిపోయిన క్రషరు బేరింగుని కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకుని ఉన్నారు.

"ఈ ఏడాది ఇది ఎన్నోది మరియదాసూ?"

"నాలుగోదండి."

"రాయి అమ్ముకుందామని క్వారీ పెట్టాను. బేరింగులు కొనడానికి కాదు. డీజిలు ధర చూస్తున్నావుగా? దసరా నాటికి రిపేరు ఖర్చు నాలుగో వంతు తగ్గాలి. తగ్గకపోతే వర్క్‌షాపు మూసేసి బెజవాడ గ్యారేజీకి కాంట్రాక్టు ఇచ్చేస్తాను. నీతో కలిపి ఎంతమంది మీరు?"

"తొమ్మిదిమందిమండి."

"తొమ్మిదిమంది," అని ఆయన కూడా ఒకసారి అన్నారు. అంతే. నేను బయటికి వచ్చేశాను.

కోపం రాలేదని రాద్దామనుకున్నాను. వచ్చింది. పదమూడేళ్ల నుంచి ఈ క్వారీ వర్క్‌షాపుకి మేస్త్రీని నేను. కొండ మీంచి వచ్చే రాయంతా క్రషరు దవడల్లో పడి కంకరై బయటికి రావాలి. అది ఆగితే లారీలు ఆగుతాయి, కూలీలు ఆగుతారు, అన్నీ ఆగుతాయి. దాన్ని నేను చూసుకున్నట్టు ఎవడు చూసుకుంటాడు?

పొద్దున ఆరింటికి క్రషరుకి గ్రీజు పెట్టాను. ఎప్పటిలాగే.

13-6-74, గురువారం

మనవాళ్లని కూర్చోబెట్టి విషయం చెప్పాను. సగమే చెప్పాను. ఖర్చు తగ్గించాలన్నాను గానీ మూసేస్తారన్న మాట చెప్పలేదు. కాశిం మాత్రం నా మొహం చూసి మిగతా సగం అర్థం చేసుకున్నాడు. పన్నెండేళ్లుగా నా దగ్గర ఫిట్టరు. నేను చెయ్యి చాపితే ఏ నంబరు స్పానరు కావాలో అడక్కుండా ఇస్తాడు.

"ముందు మనం ఎక్కడెక్కడ పారేసుకుంటన్నామో చూద్దామండి," అన్నాడు.

చూశాం. చూస్తే సిగ్గేసింది. డీజిలు పీపాల మూతలు తీసి వదిలేస్తున్నారు, వాన నీళ్లు పడుతున్నాయి. టిప్పరు లారీల గాలి ఫిల్టర్లు దుమ్ముతో గట్టిపడి గోడకి కొట్టిన పిడకల్లా ఉన్నాయి. ఒక కంప్రెషరుకి ఆయిలు ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తులేదు. నాక్కూడా. క్రషరు నా సొంత మనిషి లాంటిది, మిగతావి చుట్టాల్లాంటివి అయిపోయాయి.

స్టోర్సులో గుమస్తా ఎలిజబెత్ ఒక మాట చెప్పింది. లూథరన్ వాళ్ల అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. ఇంగ్లీషు పుస్తకాలు మనం పేపరు చదివినట్టు చదివేస్తుంది. "మిషను చెడ్డాక రాసుకుంటన్నాం అండి మనం. చెడకముందు ఏం చేశామో రాసుకుంటే చెడదేమో. ఏ మిషను దగ్గర ఆ మిషనుకి ఒక పలక కట్టేద్దాం. ఎవరు ఏం చేస్తే వాళ్లు అక్కడే గీత గీస్తారు. శనివారం నేను పుస్తకంలోకి ఎక్కించి చెరిపేస్తా."

వర్క్‌షాపుకి బడి పలకలా అని నవ్వాను. కాశిం నవ్వలేదు. సరే అన్నాను.

పొద్దున గ్రీజు పెట్టాను.

19-6-74, బుధవారం

మైలవరం నుంచి పన్నెండు పలకలు, రెండు డబ్బాల బలపాలు వచ్చాయి. క్రషరు ఆపరేటరు ఆమోసు మొదటి రోజే పలక మీద ఎద్దు బొమ్మ వేశాడు. చెరిపించాను. బొమ్మ మాత్రం బాగానే వేశాడు.

క్రషరు కంపెనీ పుస్తకం ఎలిజబెత్ చదివి తెలుగులో చెప్పింది. పెద్ద బేరింగుకి రోజుకి గ్రీజు గన్నుతో రెండు పంపులు చాలట. రెండు! పూరీకి నూనె రాసినట్టు. కంపెనీవాడు చల్లటి దేశంలో కూర్చుని రాశాడు, మన కొండపల్లి ఎండ వాడికేం తెలుసు అన్నాను. అయినా పుస్తకం పుస్తకమే కాబట్టి రోజూ మధ్యాహ్నం ఆ రెండు పంపులు కాశిం పెట్టాలని, పెట్టగానే రెండు గీతలు గీయాలని చెప్పాను.

కాశిం తల గోక్కున్నాడు. "మీరు పొద్దున పెట్టేది కూడా గియ్యాలి కదండీ మేస్త్రీ గారూ?"

"నేను పెట్టేది డ్యూటీ కాదు కాశిం. అది లెక్కలోది కాదు."

నిజంగానే కాదు. అది ఎవరూ చెప్పిన పని కాదు. 1961లో ఈ క్వారీలో చేరిన రోజు నుంచీ పొద్దున ఆరింటికి, ఇంకా ఎవరూ రాకముందు, నా సొంత గన్నుతో క్రషరుకి పది పంపులు పెడతాను. ఆ గన్ను నేను డబ్బు పెట్టి కొనుక్కున్నది, నా బీరువాలోనే ఉంటుంది, తాళం నా జేబులో ఉంటుంది. అప్పటి పాత క్రషరు ఇత్తడి బుష్షుల మీద తిరిగేది. ఎంత గ్రీజు పెడితే అంత తాగేది, సాయంత్రానికి మళ్లీ అడిగేది. దాన్ని తీసేసి రెండేళ్ల కింద ఈ బేరింగుల క్రషరు తెచ్చారు. నేను మాత్రం మానలేదు. లేచి మొహం కడుక్కోవడం మానతామా?

24-6-74, సోమవారం

పొద్దున గ్రీజు. డీజిలుని ఇప్పుడు గుడ్డతో వడకట్టి పోస్తున్నారు. పీపా అడుగున దాదాపు సీసాడు నీళ్లు దొరికాయి.

8-7-74, సోమవారం

వాన. క్వారీ గుంటలో నీళ్లు. గ్రీజు పెట్టాను.

గాలి ఫిల్టర్లు ప్రతి శనివారం విదిలిస్తున్నాం. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారుస్తున్నాం. ఈ నెలలో ఒక్క టిప్పరు కూడా దారిలో ఆగిపోలేదు. పలకలు పనిచేస్తున్నాయి. ఆ మాట ఎలిజబెత్‌తో అన్నాను. "అయితే బడిలో వేశారనే అనుకోండి," అంది. నాతో అంత చనువు ఇంకెవరికీ లేదు.

11-7-74, గురువారం

క్రషరు బేరింగు కొంచెం వెచ్చగా ఉంది.

బేరింగు వేడి చూడటానికి మాకు వేరే సాధనం లేదు. పైన చెయ్యి ఆనించి పరలోక జపం చెప్పుకుంటాను. ఆమెన్ దాకా చెయ్యి ఆగితే బేరింగు చల్లగా ఉన్నట్టు. జపం మధ్యలో అన్నం అడిగే మాట దగ్గరే చెయ్యి లాగేసుకోవాల్సి వస్తే జబ్బు చేసినట్టు. కాశిం అయితే ఇరవై లెక్కపెడతాడు. మా ఇద్దరికీ చెయ్యి ఒక్కచోటే కాలుతుంది. ప్రార్థనతో బేరింగుల్ని పరీక్ష చేస్తారా అని ఎలిజబెత్ ఆటపట్టిస్తుంది.

ఇవాళ ఆమెన్‌కి ఒక్క మాట ముందు చెయ్యి తీశాను. రేపటి నుంచి పొద్దున ఇంకో నాలుగు పంపులు ఎక్కువ పెట్టాలి.

15-7-74, సోమవారం

పద్నాలుగు పంపులు. బేరింగు పక్కన, దుమ్ము లోపలికి పోకుండా ఉండే సీలు దగ్గర గ్రీజు బయటికి వస్తోందని కాశిం గుడ్డతో తుడుస్తూ చూపించాడు.

"కారిపోతా ఉందండి. ఎక్కువైందేమో? లోపల తిరగటానికి చోటు లేక వేడెక్కుతుందేమో?"

"కడుపు నిండితే కాస్త మూతికి అంటుకోదా? గ్రీజు ఎక్కువై చచ్చిన మిషనుని నేను ఎక్కడా చూడలేదు," అన్నాను.

వాడు ఆ గ్రీజు తుడిచేసి వెళ్లిపోయాడు.

22-7-74, సోమవారం

ఐదో బేరింగు కాలిపోయింది. మధ్యాహ్నం మూడింటికి. పొగ వచ్చింది, సీలు చీలిపోయి ఉంది, లోపలంతా రాతి దుమ్ము. రెండు రోజులు క్రషరు బందు. బసవపున్నయ్య గారు వర్క్‌షాపు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

పొద్దున నేను గ్రీజు పెట్టబట్టి మూడింటి దాకా నిలిచింది. లేకపోతే తొమ్మిదింటికే పోయేది.

24-7-74, బుధవారం

గవర్నర్‌పేట వెళ్లాను. బేరింగు నకిలీదేమోనని షాపువాడితో అరగంట వాదించాను. అతను పెట్టె, సీలు, నంబరు, కలకత్తా నుంచి వచ్చిన బిల్లు అన్నీ తీసి చూపించాడు. చివరికి కూల్‌డ్రింకు ఇప్పించాడు. తాగాను. తప్పు అతనిది కాదని అప్పుడే తెలిసిపోయింది, అయినా బస్సులో కూర్చున్నాక మళ్లీ అనుమానం తెచ్చుకున్నాను. ఎవరో ఒకరిది తప్పు అయి ఉండాలి కదా.

5-8-74, సోమవారం

మిగతా మిషన్ల ఖర్చు బాగా తగ్గింది. ఎలిజబెత్ కాగితం వేసి చూపించింది. క్రషరు ఒక్కటీ సరిగ్గా ఉంటే దసరాకి ముందే గట్టెక్కుతాం అంది. క్రషరు ఒక్కటీ.

పొద్దున పద్నాలుగు పంపులు.

15-8-74, గురువారం

జెండా వందనం. మరియమాత పండగ కూడా. తెరేసమ్మ గుణదల కొండ ఎక్కుదామంది. బేరింగు వెచ్చగా ఉంది, రాలేనన్నాను. "మీకు ఆ బేరింగే మాత," అంది. ఒంటరిగా వెళ్లింది.

17-8-74, శనివారం

రాయాలో వద్దో తెలియడం లేదు. పొద్దున నేను నిండా పెడుతున్నాను. అయినా వేడెక్కుతోంది. అంటే మధ్యాహ్నం పడాల్సింది పడటం లేదేమో. పలక మీద గీతలు మాత్రం రోజూ రెండు ఉంటున్నాయి. గీత గీయడానికి బలపం చాలు, గ్రీజు అక్కర్లేదు.

కాశిం అలాంటివాడు కాదు.

కాదు. కానీ ఈ మధ్య వాడి పెద్ద కూతురి కాన్పు, ఆసుపత్రి, పరుగులు. మనసు పని మీద లేకపోవచ్చు.

20-8-74, మంగళవారం

మధ్యాహ్నం కాశిం గ్రీజు పెట్టేటప్పుడు దూరం నుంచి చూద్దామని వెళ్లాను. నేను వెళ్లేసరికి పెట్టడం అయిపోయింది. గీతలు గీస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. చూడలేదు కాబట్టి పెట్టాడని ఎలా అనుకోను? పెట్టలేదని మాత్రం ఎలా అనుకోను?

26-8-74, సోమవారం

ఆరోది.

27-8-74, మంగళవారం

బసవపున్నయ్య గారు కాగితం మీద కారణం రాసిమ్మన్నారు. సాయంత్రం లోగా ఇవ్వమన్నారు. వర్క్‌షాపులో కూర్చుని మూడు కాగితాలు చింపాను. నాలుగోదాని మీద ఇలా రాశాను: "బేరింగు మంచిదే. ఉదయం గ్రీజు నేను స్వయంగా పెడుతున్నాను. మధ్యాహ్నం గ్రీజు పెట్టకుండానే ఫిట్టరు కాశిం పలక మీద గీతలు గీస్తున్నాడని నా అభిప్రాయం."

అభిప్రాయం అనే రాశాను. నిజం అని రాయలేదు.

30-8-74, శుక్రవారం

అయ్యగారు కాశింని పిలిచి అడిగారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. "గీసినవన్నీ పెట్టినవేనండి," అన్నాడు. ఇంకేమైనా చెప్పుకుంటావా అని అడిగితే నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి కంకర గుట్ట చూశాను. "లేదండి," అన్నాడు.

గేటు దగ్గర బోర్డు మీద నోటీసు అంటించారు. దొంగ గీతలు గీసినందుకు రేపటి నుంచి పనిలోంచి తీసేశాం అని. నోటీసు ఎలిజబెత్ టైపు చేసింది. నాతో మాట్లాడలేదు.

31-8-74, శనివారం

కాశిం ఇవాళ రాలేదు. రావద్దన్నది మేమే.

9-9-74, సోమవారం

పొద్దున పద్నాలుగు పంపులు, మధ్యాహ్నం రెండు. ఇప్పుడు అన్నీ నేనే పెడుతున్నాను, మధ్యాహ్నం గీతలు ఆమోసు చేత గీయిస్తున్నాను. మధ్యలో ఎవడూ లేడు. అయినా బేరింగు వెచ్చబడింది. ఒళ్లు నొప్పులుగా ఉంది. చలిజ్వరం వచ్చేలా ఉంది. నా ఒళ్లే వెచ్చగా ఉండి బేరింగు వెచ్చగా అనిపించిందేమో.

14-9-74, బెజవాడ

గవర్నర్‌పేటలో బావమరిది ఇంట్లో పడుకుని ఉన్నాను. మలేరియా అన్నాడు డాక్టరు. గ్రీజు గన్ను బీరువాలో ఉండిపోయింది, తాళం నా జేబులో ఉంది. పొద్దుటి గ్రీజు ఎవరు పెడతారు? ఆమోసుకి కబురు పంపమని తెరేసమ్మతో చెప్పాను. "ముందు ఈ మాత్ర మింగండి," అంది.

18-9-74

క్రషరు కాలిపోయినట్టు కల వచ్చింది. లేచి చొక్కా జేబు తడుముకున్నాను. తాళం ఉంది.

కబురు పంపలేదని తెరేసమ్మ ఒప్పుకుంది. ఇక్కడి నుంచి ఎవరు వెళ్తారు అంది. వారం రోజులుగా పొద్దుటి గ్రీజు లేదు. నేను వెళ్లేసరికి ఏడోది అయిపోయి ఉంటుంది. వర్క్‌షాపు కూడా.

25-9-74, బుధవారం

పద్నాలుగు రోజుల తర్వాత పనిలోకి వచ్చాను. బస్సు దిగి ఇంటికి కూడా వెళ్లకుండా క్రషరు దగ్గరికి వెళ్లాను. తిరుగుతోంది. సీలు దగ్గర పొడిగా ఉంది. చెయ్యి పెట్టాను. ఆమెన్ అయింది. మంగళవార్త జపం మొదలుపెట్టాను, అదీ అయింది. చెయ్యి అలాగే ఉంది. నీళ్ల కుండ మీద చెయ్యి పెట్టినంత చల్లగా ఉంది.

"ఏం చేశావురా?" అని ఆమోసుని అడిగాను.

"ఏం చెయ్యలేదండి. పుస్తకంలో చెప్పిన రెండు పంపులు కొట్టా. గీతలు గీశా. అంతే."

సంతోషించాలి. సంతోషించాననే రాయాలి. ఇంటికి నడిచి వస్తుంటే ఏడుపు వచ్చింది. జ్వరం నీరసం అయి ఉంటుంది. నేను లేకుండా అది ఇంత హాయిగా తిరిగిందా?

26-9-74, గురువారం

పొద్దున గ్రీజు పెట్టాను. పద్నాలుగు రోజుల బాకీ కూడా కలిపి ఇరవై పంపులు.

28-9-74, శనివారం

బేరింగు మీంచి, జపంలో అన్నం మాట దగ్గరే చెయ్యి తీసేశాను.

29-9-74, ఆదివారం

పూజకి వెళ్లాను. అందరూ పరలోక జపం చెబుతుంటే నా అరచెయ్యి బల్ల మీద ఉంది. సగంలో ఎందుకో బల్ల మీంచి చెయ్యి లాగేసుకున్నాను. తెరేసమ్మ నా వైపు చూసింది.

30-9-74, సోమవారం

ఎలిజబెత్ క్రషరు పలక రాతలన్నీ కాగితం మీదికి ఎక్కించి తెచ్చింది. బల్ల మీద పెట్టి నిలబడింది. ఆగస్టు ముప్పై తర్వాత నాతో ఇదే మొదటిసారి మాట్లాడటం.

"కాశిం ఉన్నప్పుడు రోజుకి రెండు గీతలండి. బేరింగు కాలింది. ఆమోసు పెట్టినప్పుడూ రెండే గీతలు. చల్లగా ఉంది. మీరొచ్చాకా రెండే గీతలు. మళ్లీ వేడెక్కింది. గీతల్లో తేడా లేదు మేస్త్రీ గారూ. పలక మీద లేనిదేదో ఉండాలి."

నేను కాగితం తిరగేశాను.

"మీరు పొద్దున పెట్టేది పలక మీద లేదండి," అంది. గొంతు పెంచలేదు. పుస్తకం తెరిచి ఒక పేజీ దగ్గర వేలు పెట్టి చదివింది. గ్రీజు అవసరానికి మించితే బేరింగు దాన్ని చిలికి చిలికి వేడెక్కుతుంది, సీలు పగులుతుంది, పగిలిన చోట నుంచి దుమ్ము లోపలికి పోతుంది అని ఉంది. జూన్‌లోనే ఆ పేజీ ఉంది. రెండు పంపులు అనగానే నేను నవ్వి, పుస్తకం మూసేయించాను.

సరేనమ్మా, చూద్దాం అన్నాను. కాగితం జేబులో పెట్టుకున్నాను.

1-10-74, మంగళవారం

పొద్దున ఐదున్నరకి లేచాను. క్రషరు దాకా వెళ్లాను. బీరువా తాళం తియ్యలేదు. ఆమోసుతో బేరింగు మూత విప్పించి, లోపల కూరిన గ్రీజంతా చేత్తో తీయించి, పుస్తకం చెప్పినంత పెట్టించాను. డబ్బాడు వచ్చింది. అంతా నేను పెట్టిందే. ప్రేమగా పెట్టిందే.

మా అమ్మ మా తమ్ముడికి ఏడిస్తే పాలు, నవ్వితే పాలు పట్టేది. ఎందుకు గుర్తొచ్చిందో.

5-10-74, శనివారం

చల్లగా ఉంది. ఐదు రోజులూ చల్లగానే ఉంది.

ఆరు బేరింగులు నేనే కాల్చాను. కారణం రాసిమ్మంటే కాశిం పేరు రాశాను. పొద్దున గ్రీజు నేను స్వయంగా పెడుతున్నాను అని ఆ కాగితంలోనే నా చేత్తో నేనే రాశాను. ఎవరూ చదవలేదు. నేను కూడా.

7-10-74, సోమవారం

బసవపున్నయ్య గారికి చెప్పాను. నిలబడే చెప్పాను. ఆయన చేతిలో కలం కింద పెట్టారు. తర్వాత కూర్చోమన్నారు. జూన్‌లో అనని మాట ఇవాళ అన్నారు.

"ఖర్చు తగ్గింది మరియదాసూ. వర్క్‌షాపు మూసెయ్యను. కాశింని రమ్మను. కారణం అంటావా, ఆ బేరింగుల లాటే మంచిది కాదని అనేద్దాం. పదమూడేళ్ల మేస్త్రీ పేరు గేటు దగ్గర అంటించటం నాకు బాగుండదు."

నేను సరేనన్నాను. వెంటనే అన్నాను. ఇంటికి వచ్చి అన్నం తినేదాకా బాగానే ఉంది.

8-10-74, మంగళవారం

కాశిం ఇంటికి వెళ్లాను. రంజాను ఉపవాసంలో ఉన్నాడు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఈ నెల్లాళ్లూ మైలవరం చుట్టుపక్కల రైతుల ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తున్నాడట. అరుగు మీద చాప వేశాడు. ఇద్దరం కూర్చున్నాం.

జరిగిందంతా చెప్పాను. పద్నాలుగు పంపుల సంగతి, ఇరవై పంపుల సంగతి, పుస్తకంలో పేజీ సంగతి. చెబుతున్నంతసేపూ వాడు తన చేతులు చూసుకున్నాడు.

"నేను చెప్పానండి. సీలు కారిపోతా ఉందని," అన్నాడు.

"చెప్పావు."

"మీరు పొద్దున పెట్టేది కూడా గీద్దామన్నా."

"అన్నావు. ఆరోజు అయ్యగారి ముందు ఎందుకు చెప్పలేదురా?"

"మీరు చెబుతారేమోనని చూశానండి."

నేను చాప అంచు లాగుతూ కూర్చున్నాను. లోపలి నుంచి వాడి భార్య మెహబూబ్ బీ గుమ్మం దాకా వచ్చి, తలుపు చాటు నుంచే అంది. "పన్నెండేళ్లు ఈయన చొక్కాలు ఉతికానండి మేస్త్రీ గారూ. గ్రీజు మరకలు ఉతికాను, దెబ్బ తగిలితే రక్తం ఉతికాను. మసీదు దగ్గర జనం అడుగుతుంటే, ఈ మరక ఎట్టా ఉతకాలో నాకు తెలవలేదండి."

అయ్యగారు రమ్మన్నారని, బేరింగుల లాటు మంచిది కాదని అందరికీ చెబుతామని అన్నాను. అంటున్నప్పుడే అది ఎంత చిన్న మాటో నాకు వినిపించింది.

కాశిం తల అడ్డంగా ఊపాడు. కోపం లేదు, మెత్తదనం కూడా లేదు. "నా పేరు బోర్డు మీద రాశారండి. గేటులో వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, లారీ డ్రైవర్లు, అందరూ చదివారు. ఆ బోర్డు మీదే ఇది కూడా రాయండి. అప్పుడొస్తా."

"నా పేరుతోనా?"

"మరి ఎవరి పేరుతోనండి?"

9-10-74, బుధవారం

రాత్రి నిద్ర పట్టిందని రాస్తే అబద్ధం.

పొద్దున నేరుగా స్టోర్సుకి వెళ్లాను. ఎలిజబెత్ టైపు మిషను ముందు కూర్చుని ఉంది. "కాశిం నోటీసు నేనే కొట్టానండి," అంది. "ఇదీ నేనే కొడతాను. చెప్పండి."

నేను చెప్పాను, ఆమె కొట్టింది. క్రషరు బేరింగులు కాలిపోవడానికి కారణం ఫిట్టరు కాశిం కాదు. వర్క్‌షాపు మేస్త్రీ మరియదాసు రోజూ ఉదయం పలక మీద గీయకుండా అవసరానికి మించి గ్రీజు పెట్టడమే కారణం. కాశిం గీసిన గీతలన్నీ నిజమైనవి. ఆయన మీద మోపిన నేరం తప్పు. ఇట్లు, మరియదాసు.

"నా అభిప్రాయం అని పెట్టమంటారా?" అని అడిగింది. ఆటపట్టించడానికి కాదు. నిజంగానే అడిగింది.

"వద్దమ్మా. నిజం కదా."

బసవపున్నయ్య గారు సంతకం పెట్టేముందు రెండుసార్లు చదివారు. "నీ ఇష్టం," అన్నారు. బోర్డు మీద నేనే అంటించాను. భోజనాల వేళకి గేటు దగ్గర గుంపు చేరింది. ఆమోసు చదవడం రానివాళ్లకి గట్టిగా చదివి వినిపించాడు. నేను వర్క్‌షాపులోనే కూర్చున్నాను. చెవులు మూసుకోలేదు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. అయినా ఆమెన్ దాకా చెయ్యి తియ్యకూడదనుకున్నాను.

తెరేసమ్మకి కూడా చెప్పాను. అన్నీ చెప్పాను. జపమాల తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. పక్కన వచ్చి కూర్చుంది.

10-10-74, గురువారం

కాశిం వచ్చాడు. గేటు దగ్గర ఆగి నోటీసు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తర్వాత లోపలికి వచ్చి ఎప్పటి మేకుకే చొక్కా తగిలించాడు. అందరూ ఎవరి పనిలోకి వాళ్లు దిగారు.

నా గ్రీజు గన్ను, బీరువా తాళం తీసుకెళ్లి వాడి ముందు పెట్టాను. తీసుకున్నాడు. నేను చెయ్యి చాపినప్పుడు ఇవాళ స్పానరు ఇవ్వలేదు. ఏ నంబరండి అని అడిగాడు. అడగనీ. పన్నెండేళ్లు అడగలేదు.

11-10-74, శుక్రవారం

పొద్దున ఆరింటికి క్రషరు దగ్గరికి వెళ్లాను. గ్రీజు పెట్టలేదు. చేతులు ఏం చెయ్యాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాను. ఆ తర్వాత పొద్దంతా ఊరికే తిరిగాను, అందరి పలకలూ చదివాను. ఎక్కడా నా గీత లేదు. నాలుగు నెలలుగా ఒక్కటి కూడా లేదు.

పన్నెండున్నరకి కాశిం చేతులు కడుక్కుంటున్నాడు, శుక్రవారం నమాజుకి వెళ్లాలి. తల మీద టోపీ పెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి నా గన్నే నా చేతికి ఇచ్చాడు.

"నేనొచ్చేసరికి ఆలస్యమవుద్దండి. శుక్రవారం రెండు పంపులూ ఇకనించీ మీవే."

నేను వాడి మొహం చూశాను. వాడు బలపం కూడా తీసి నా చేతిలో పెట్టాడు.

"గియ్యండి మరి," అని వెళ్లిపోయాడు.

రెండు పంపులు పెట్టాను. మూడోదానికి చెయ్యి దానంతట అదే కదిలింది, ఆపుకున్నాను. గన్ను కింద పెట్టి, పలక మీద రెండు గీతలు గీశాను. కొంచెం వంకరగా వచ్చాయి.